పలుకు మిగిలిన పచ్చడి

జొన్న సంగటి కంచంలో పడగానే తినబోతే దాని మర్యాద దానికి దక్కదు. తడి చేత్తో ముద్దను ఒకసారి నిమిరి, నడిమధ్య బొటనవేలితో గుంట చెయ్యాలి. గుంటలో నెయ్యి పడాలి, పక్కన శనక్కాయ పచ్చడి, ఊరిబిండి, పడాలి. అంచు నుంచి చిన్న ఉండ తుంచి, నేతిలో ముంచి, ఊరిబిండి అద్దుకుని నాలుక మీద పెట్టుకుంటే మొదట తెలిసేది వేడి ఒక్కటే. ఆ వేడి తగ్గేలోపు జొన్న లోపలి తీపి మెల్లగా బయటికొస్తుంది. వెనకనే చింతపండు దవడల్ని పట్టుకుంటుంది. మిరప ఆలస్యంగా, గొంతు దగ్గర మొదలై పైకి పాకుతుంది. అది హద్దు దాటబోయే సమయానికి శనక్కాయ పలుకు పంటి కింద విరిగి, దాని నూనె ఆ మంట మీద పరుచుకుంటుంది. ఉల్లిపాయ ముక్క ఒకటి ఎక్కడో చల్లగా కరకరమంటుంది. ఇన్ని దశలు ఒకదాని వెనక ఒకటి, ఒకదాన్ని ఒకటి తొక్కెయ్యకుండా నడవడం చిన్న విషయం కాదు. తెలుగు నేల మీద పుట్టిన కళల్లో దీన్ని కూడా లెక్కవెయ్యాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇది మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం ఇళ్ళ తిండి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోవే. జిల్లా మారింది, పొయ్యి మారలేదు. కోస్తావాళ్ళకు మేము సీమ మనుషులం, సీమవాళ్ళకు కోస్తా మనుషులం. వంటింట్లో మాత్రం రెండు వైపుల నుంచీ తీసుకున్నాం. కర్నూలు వైపు నుంచి ఊరిబిండి వచ్చింది, బొబ్బట్టును భక్ష్యం అనే అలవాటు వచ్చింది. గుంటూరు వైపు నుంచి గోంగూరలో పండుమిరప కలిపి తొక్కే ధైర్యం వచ్చింది. నల్లమల నుంచి చింతపండు, చింతచిగురు, తేనె వచ్చాయి.

రాని సంగతి ఒకటుంది, నీళ్ళు. గుండ్లకమ్మకు కొండల సందులో కట్ట వేసి విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువు ఉంది. రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. ఆ చెరువు కింద వరి పండుతుంది. ఆయకట్టు దాటి నాలుగడుగులు వేస్తే మెట్ట. వాన కరుణిస్తే జొన్న, సజ్జ, కొర్ర, కంది. కరుణించకపోతే గుంటూరుకో బెంగుళూరుకో పని వెతుక్కుంటూ రైలెక్కడం. నీళ్ళు తక్కువ, ఎండ ఎక్కువ అయిన చోట పుట్టిన వంట ఇది. దీని అందం తెలియాలంటే ఆ లెక్క ముందు తెలియాలి.

మా పక్క సీమ పల్నాడుకు వచ్చి శ్రీనాథుడు జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని ఆయన పేర చాటువులు చెలామణిలో ఉన్నాయి. సన్నబియ్యం రుచి మరిగిన నాలుక అది. ఆయన్ని తప్పుపట్టను. ఆయన నాటికి ఈ నేల మీద మిరపకాయ లేదు, శనక్కాయ లేదు. ఉత్త జొన్నకూడు ఎదురైంది ఆయనకు, ఊరిబిండి ఎదురవలేదు. మిరప, శనక్కాయ రెండూ సముద్రం అవతల, అమెరికా ఖండాల మొక్కలు. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మిరప వచ్చింది. శనక్కాయ మన మెట్ట చేలల్లో విరివిగా పరుచుకున్నది పంతొమ్మిదో శతాబ్దంలో. అంటే శ్రీనాథుడికీ మా ముత్తవ్వకూ మధ్య ఎవరో ఒక ఇల్లాలు, పేరు ఎక్కడా రాసిలేని ఇల్లాలు, ఈ కొత్త గింజనూ కొత్త కారాన్నీ పాత రోట్లో వేసి, సంగటికి ఎప్పటి నుంచో లేని తోడును తెచ్చిపెట్టింది. చాటుపద్యం చెప్పినవాడిని ఐదు వందల ఏళ్ళకు పైగా తలుచుకుంటున్నాం. ఆమెను ఎవరూ తలుచుకోలేదు.

ఇంకొంచెం వెనక్కి పోతే జొన్న కూడా మనది కాదు. ఆఫ్రికాలో, సూడాన్ వైపు మొదట సాగులోకి వచ్చి, దాదాపు నాలుగు వేల ఏళ్ళ కింద ఇటు చేరింది. సజ్జ, అలసంద, గోంగూర కూడా ఆఫ్రికా సంతానమే. పుట్టు భారతీయులు కంది, ఉలవ. అయినా జొన్న సంగటి మార్కాపురం తిండి కాదనే మనిషి ఎవరు? గింజ ఎక్కడ పుట్టినా, దాన్ని పట్టుకున్న చేతిలో ఆ తిండి పుట్టింది.

ఆ చెయ్యి ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి. శనక్కాయ గింజలు మూకుడులో నూనె లేకుండా, సన్నసెగ మీద వేగుతాయి. పొట్టు మీద నల్లచుక్కలు పడే వేళకు దించుతారు. చల్లారాక రెండు అరచేతుల మధ్య నలిపి చేటలో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. అంతా పోనివ్వకూడదు. కాస్త పొట్టు మిగిలితే ఆ వగరు పచ్చడికి అడుగున నిలబడుతుంది. ఎండుమిరపకాయలు చుక్క నూనెలో ఉబ్బితే చాలు, నల్లబడకూడదు. రోట్లో ముందు పడేవి మిరపకాయలు, రాళ్ళుప్పు, జీలకర్ర. ఉప్పురాయికి పదునుంది, మిరప తోలును చీల్చేది అదే. మెత్తటి ఉప్పు వేస్తే మిరపకాయ రోట్లో జారిపోతుంది. ఆ తర్వాత వెల్లుల్లి, నానిన చింతపండు. అప్పుడు గింజలు.

గింజలు పడ్డాక చేతివాటం మారుతుంది. అంతదాకా దంచిన చెయ్యి ఇప్పుడు సగం దంచుతూ సగం నూరుతుంది. మొదట గింజలు టకటకమని ఎగిరి రోటి అంచులకు కొట్టుకుంటాయి. కాసేపటికి ఆ చప్పుడు మందగిస్తుంది. గింజ రెండు మూడు ముక్కలై, అంచుల్లో నూనె చెమ్మ మొదలయ్యే ఘడియ ఒకటుంది. రోకలి ఎత్తేటప్పుడు అడుగున కొంచెం పట్టుకున్నట్టు అనిపిస్తుంది. అక్కడ ఆపాలి. ఇంకాస్త ముందుకు పోతే గింజ ముద్దయి, నూనె పైకి తేలి, పచ్చడి జిడ్డవుతుంది. ముందే ఆపితే మిరప ఒకచోట, గింజ ఒకచోట, రెండూ పరాయివాళ్ళలా ఉండిపోతాయి. చివర ఉల్లిపాయ, నాలుగు చెక్కలు చేసి రెండు దెబ్బలు. ఉల్లి చితకాలి గానీ చావకూడదు.

భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రసమంటే ఏమిటో వివరించవలసి వచ్చినప్పుడు వంటింటికే వెళ్ళాడు. రకరకాల దినుసులు కూడి ఒక రుచి ఎట్లా పుడుతుందో, భావాలు కూడి రసం అట్లా పుడుతుందన్నాడు. మన ఆలంకారికులు ఆ దారినే వెయ్యేళ్ళు నడిచి కావ్యాన్ని ఎంత సూక్ష్మంగానో విప్పారు. ఏ కంచం చూపించి భరతుడు మొదలుపెట్టాడో ఆ కంచం వైపు మాత్రం తిరిగి చూడలేదు. ఆయన మాటను నేను వెనక్కి తిప్పి చదువుకుంటాను. సంగటి ఇక్కడ స్థాయీభావం. తనకంటూ గట్టిగా చెప్పుకునే రుచి లేదు, కానీ మొదటి ముద్ద నుంచి చివరిదాకా అదే ఉంటుంది. పులుపు, కారం, వగరు, ఉల్లి ఘాటు వచ్చిపోయేవి. వచ్చిపోయేవాటికి ఒక క్రమం ఉండాలి, ఒకదానికొకటి చోటివ్వాలి. రోట్లో ఏది ముందు ఏది వెనక అన్న పట్టింపంతా అందుకే. మిక్సీలో అన్నీ ఒకేసారి వేసి తిప్పితే దినుసులు అవే ఉంటాయి. క్రమం పోతుంది. నాలుక మీద అన్నీ ఒక్కసారే అరుస్తాయి.

మా అక్క కూతురు డాలస్ దగ్గర ఉంటుంది. చదువుకని వెళ్ళి ఉద్యోగంలో కుదురుకుంది. మా వైపు పిల్లలు చాలామంది అట్లాగే వెళ్ళారు. వెళ్ళేటప్పుడు పెట్టెలో పెట్టేవి ఇంటింటికీ మారతాయి గానీ మా ఇళ్ళల్లో వరుగులు తప్పవు. గోరుచిక్కుడు, వంకాయ, మామిడి, దోస ముక్కల్ని మిద్దె మీద చాపల మీద పరిచి, గలగలమనేదాకా ఎండబెట్టినవి. కోస్తావాళ్ళ నిలవ నూనెలో ఉంటుంది, మా నిలవ ఎండలో ఉంటుంది. గోరుచిక్కుడు వరుగు ముందు ఉప్పునీళ్ళలో ఉడికి, తర్వాత ఎండి, పుల్లలాగా తేలికవుతుంది. నూనెలో వేస్తే క్షణంలో ఉబ్బి, పప్పన్నం పక్కన కరకరలాడుతుంది. దాని రుచి పచ్చి గోరుచిక్కుడు రుచి కాదు. ఎండకు నీరు పోయి, మిగిలిన చేదూ తీపీ గట్టిపడ్డ వేరే రుచి. కరువుకు దాచుకున్న కూర ఇది. పచ్చికూరలు ఏడాది పొడుగునా దొరికే డాలస్‌లో కూడా ఆ పిల్ల వరుగుల కోసం ఫోను చేస్తుంది. అవసరం తీరిపోయాక కూడా నిలబడ్డ రుచి అది. అంతకన్నా గట్టి పరీక్ష ఏ వంటకైనా ఏముంటుంది?

కరివేపాకు వేరే కథ. పచ్చి కరివేపాకు ఇక్కడి నుంచి అమెరికా తీసుకెళ్ళనివ్వరు. నిమ్మజాతి తోటలను చంపే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుందని నిషేధం. అందుకని తెలుగు ఇళ్ళల్లో కుండీలో మొక్క పెంచి, చలికాలం వస్తే పసిబిడ్డను లోపలికి తెచ్చినట్టు తెస్తారు. గోంగూరకు ఆ బాధ లేదు, టెక్సాస్ ఎండలు దానికి పుట్టింటి ఎండలే.

జొన్న అక్కడ కొరత కాదు. ప్రపంచంలో జొన్న ఎక్కువగా పండించే దేశాల్లో అమెరికా ఒకటి, అందులో కాన్సస్ రాష్ట్రానిది పెద్ద చెయ్యి. చాలావరకు పశువుల మేతకూ ఇథనాల్‌కూ పోతుంది. మనుషులు తినే పిండి, గోధుమ పడనివాళ్ళ కోసమని చిన్న సంచుల్లో అమ్ముతారు. ఆ పిండి మరీ మెత్తన. ఎప్పుడు పట్టిందో తెలియదు, పాతబడ్డ జొన్నపిండికి జిగురు తగ్గుతుంది, రొట్టె తడితే అంచులు పగులుతాయి. సంగటికి పిండి ఒక్కటీ చాలదు, నూక కావాలి. నూక ఎసట్లో మెత్తబడ్డాక పైన పిండి గోపురంలా పోసి, కలపకుండా మూత పెట్టి, ఆవిరికి మగ్గనిచ్చి, అప్పుడు తెడ్డుతో గెలకాలి. ఆ పిల్ల జొన్నలే కొని, బ్లెండరులో పగలగొట్టి, జల్లెడ పట్టి నూకనూ పిండినీ వేరు చేసుకుంటుంది. తిరగలి చేసే పనిని తిరగలి లేకుండా చేయించుకోవడం అది. చూసినప్పుడు నాకు గర్వం వేసింది.

రోలు మాత్రం పెట్టెలో పట్టదు. ఆమెకు అది మెక్సికన్ల దుకాణంలో దొరికింది. మోల్కహేతె అంటారు దాన్ని. నల్లటి అగ్నిపర్వత రాయి, మూడు పొట్టి కాళ్ళు, లోపలంతా గరుకు. యూరప్ ఓడలు ఆ తీరం తాకడానికి చాలా ముందు నుంచే మెక్సికో ఇళ్ళల్లో అందులో మిరపకాయలు నూరుకుంటున్నారు. ఆ దేశంలోనే వెరాక్రూజ్ వైపు సాల్సా మాచా అనే పచ్చడి ఒకటుంది: ఎండుమిరప, శనక్కాయ గింజలు, వెల్లుల్లి, నూనె. ఊరిబిండికి ఏమాత్రం సంబంధం లేకుండా అక్కడ పుట్టిన తోబుట్టువు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. మిరప తన సొంత గడ్డ మీద, తన సొంత రాతిలో నలుగుతోంది. నలిపే చెయ్యి మాత్రం గిద్దలూరుది. అదే మిరప, అదే గింజ, అదే వెల్లుల్లి. అయినా సాల్సా మాచా నూనెలో ఈదుతుంది, ఊరిబిండి పులుపు మీద నిలబడుతుంది. దినుసులు వంటను నిర్ణయించవు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మొదట్లో ఆ పిల్ల ఫోను గట్టు మీద నిలబెట్టి దంచేది. ఇక్కడ మా అమ్మ కంటిచూపు మందగించిన మనిషి, తెర వైపు చూసేది కూడా కాదు, చెవి పెట్టి వినేది.

"అవ్వా, చాలా?"

"ఇంగా గింజ పలుకుతా ఉంది. ఆపమాక."

ఇంకాసేపు.

"ఇప్పుడు?"

"రాయి మాట్టాడతా ఉంది, గింజ మాట్టాళ్ళా. చాల్చాలు, ఉల్లిగడ్డ యెయ్యి."

వేల మైళ్ళ అవతల రోట్లో నూనె చెమ్మ మొదలైందని చప్పుడును బట్టి చెప్పడం నేను పక్కన కూర్చుని విన్నాను. ఏ కచేరీలోనూ అంత నిశితమైన శ్రోతను చూడలేదు.

ఇటువంటి చెవి ఇంకోచోట కూడా ఉందని తర్వాత చదివాను. మలక్కా, పెనాంగ్, సింగపూర్ రేవుల్లో స్థిరపడిన చైనా వర్తకులు అక్కడి ఆడవాళ్ళను పెళ్ళాడగా ఏర్పడ్డ పెరనాకన్ కుటుంబాల్లో, ఆడవాళ్ళను నోన్యాలంటారు. వాళ్ళ వంటకు ప్రాణం రెంపా, అంటే మిరప, గలాంగల్, నిమ్మగడ్డి, ఎండురొయ్యల ముద్ద లాంటివి రోట్లో నూరిన మసాలా. పెళ్ళికూతుర్ని చూడబోయిన అత్తగార్లు వంటింట్లోంచి వచ్చే రోటి చప్పుడు విని పిల్ల పనితనం అంచనా వేసేవారని వాళ్ళు చెప్పుకుంటారు. ఆ ఇళ్ళ వంట నోటిమాటగానే సాగింది. సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ తల్లి చువా జిమ్ నియో 1974లో 'మిసెస్ లీస్ కుక్‌బుక్' అచ్చువేసి, ఇంటి గుట్టుగా ఉండే నోన్యా వంటల్ని నలుగురి చేతుల్లో పెట్టింది. మలక్కాలోనే చిట్టీలని ఇంకో చిన్న సమూహం ఉంది, దక్షిణ భారతం నుంచి వెళ్ళిన వర్తకుల సంతతి. వాళ్ళ నోట మలయ్ భాషే ఉంది, పూర్వుల భాష పోయింది. గుడి నిలిచింది, రోలు నిలిచింది.

మన దగ్గర మాలతీ చందూర్ 'వంటలు–పిండివంటలు' ఎన్ని ముద్రణలు పొందిందో, ఎన్ని కొత్త కాపురాలను నిలబెట్టిందో అందరికీ తెలుసు. కానీ మా వైపు వంట రాసినవాళ్ళు అరుదు. దేశంలో ఎన్నో బడుల పిల్లలు ఓనమాలు దిద్దిన పలక మార్కాపురం గనుల్లోది. ఆ పలకలు కోసి, చెక్కి, చట్రం బిగించిన చేతులు తమ ఇంటి సంగటి లెక్క ఎక్కడా రాసుకోలేదు.

మా అక్క కూతురు రాస్తోంది. ఒకసారి సెలవులకొచ్చినప్పుడు చిన్న తూకం తెచ్చింది. అవ్వ గుప్పెట్లో గింజలు తీసినప్పుడల్లా రోట్లో వెయ్యకముందే తూకం మీద పోయించింది. ప్రతిసారీ లెక్క వేరుగా వచ్చింది. మొదట ఆ పిల్ల విసుక్కుంది. తర్వాత కారణం బయటపడింది: మా అమ్మ ముందు మిరపకాయ తుంచి వాసన చూస్తోంది, మిరప ఘాటైతే గుప్పెడు పెద్దదవుతోంది. చింతపండు కొత్తదైతే ఉప్పు తగ్గుతోంది. గుప్పెడు కొలత కాదు, అది అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయం. ఆ రోజు నుంచి ఆమె పుస్తకంలో గ్రాముల పక్కన ఇంకో వరస మొదలైంది, ఎందుకు అని. ఎందుకు పొట్టు కొంచెం ఉంచాలి, ఎందుకు రాళ్ళుప్పు, ఎందుకు ఉల్లి చివర. కొన్నిచోట్ల "చప్పుడు విను" అని మాత్రమే ఉంది. వంటల పుస్తకాలు నేను చాలా చదివాను, ఇంత నిజాయితీ గల పుస్తకం చూడలేదు. గ్రాములు రాసిపెడితే ఆ ఒక్కరోజు పచ్చడి దక్కుతుంది. ఎందుకో రాసిపెడితే రేపు దొరికే వేరే మిరపకాయతో, వేరే గింజతో, వేరే ఊళ్ళో కూడా పచ్చడి దక్కుతుంది.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమంది. మంచిదే. కొర్రలకూ అరికెలకూ పట్నాల్లో గిరాకీ వచ్చింది. ఒకప్పుడు చుట్టాలొస్తే సంగటి కుండను పక్కకు జరిపి వరన్నం వండిన ఇళ్ళు మావి, ఇప్పుడు సంగటి పెట్టమని చుట్టాలే అడుగుతున్నారు. అయితే ఆరోగ్యం కోసం తినేవాడికి జొన్న మందు. మందును ఎవరూ నాలుక మీద ఆపి చూడరు. చక్కెర జబ్బుకు మంచిదని కాదు, పీచు ఎక్కువని కాదు, ఇది అందంగా ఉందని తినేవాళ్ళు పెరగాలని నా ఆశ.

మార్పుల సంగతికొస్తే, మా అక్క కూతురి కొడుకు డాలస్‌లోనే పుట్టినవాడు. వాడికి జొన్నకన్నా మొక్కజొన్న ఇష్టం. మొక్కజొన్న రవ్వతో సంగటి గెలికించుకుని, ఊరిబిండిలో ఎండుమిరప బదులు మెక్సికన్ దుకాణంలో పొగబెట్టి అమ్మే చిపోట్లే మిరప వేయించుకుని తింటున్నాడట. మా అమ్మకు అది నచ్చలేదు. జొన్న లేనిది సంగటేంది అంటోంది. నేను ఆ పిల్లవాడి పక్షం. కిందటి వేసవిలో వాళ్ళింట్లో నేనూ తిన్నాను. మొక్కజొన్న తీపి ఎక్కువ, స్థాయిగా ఉండాల్సింది కొంచెం ముందుకొచ్చి పాడుతుంది. కానీ ఆ పొగవాసన చింతపండు పులుపులో కలిసినప్పుడు వచ్చిన గాఢత, మా ఊరి మిరపతో నేనెన్నడూ ఎరగనిది. గింజ సరిగ్గా రెండు మూడు ముక్కలయ్యే ఆగింది. మిరప, ఉప్పు, జీలకర్ర ముందు, చింతపండు తర్వాత, ఆ వెనక గింజ. వాడి వయసుకు రోకలి రెండు చేతులా పట్టుకోవలసి వస్తోంది, ఉల్లిపాయకు రెండు దెబ్బల బదులు నాలుగు వేశాడు. అది చేతిలో బలం వస్తే కుదురుకుంటుంది.